డాలస్ ఇంట్లో సోలార్, బ్యాటరీ: కొన్నేళ్లు వాడాక

మేముండేది డాలస్‌కు ఉత్తరాన ఒక శివారు ఊళ్లో. 2021 చివర్లో ఇంటిమీద 8 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు, గరాజ్ గోడకు 13.5 యూనిట్ల బ్యాటరీ ఒకటి పెట్టించాం. అప్పట్నుంచి రెండూ పనిచేస్తూనే ఉన్నాయి. ఇక్కడ తెలుగువాళ్లు ఎవరు కలిసినా ముందు అడిగేది ఒకటే: బిల్లు ఎంత తగ్గింది? అందుకే అసలు మాట ముందే చెప్తాను. బిల్లు తగ్గడం ఒక్కటే కారణమైతే టెక్సాస్‌లో సోలార్ తొందరపడి కొనాల్సింది కాదు. కరెంటు పోయిన రోజు ఇల్లు నడవాలన్నా, ఎండాకాలం సాయంత్రాలు టెన్షన్ లేకుండా గడవాలన్నా మాత్రం బ్యాటరీ పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది. ప్యానెళ్లకు ఐదుకు మూడు ఇస్తాను, బ్యాటరీకి నాలుగున్నర. ఇంత తేడా ఎందుకో తెలియాలంటే ఇక్కడి గ్రిడ్ సంగతి కొంత చెప్పాలి.

అమెరికా ప్రధాన భూభాగంలో మూడు వేర్వేరు గ్రిడ్లున్నాయి: తూర్పుది, పడమరది, టెక్సాస్‌ది. టెక్సాస్ గ్రిడ్‌ను నడిపేది ఎర్కాట్ అనే సంస్థ. ఎల్ పాసో లాంటి కొన్ని ప్రాంతాలు పోగా, రాష్ట్రం వాడే కరెంటులో దాదాపు 90 శాతం దీని కిందే వస్తుంది. బయటి గ్రిడ్లతో ఉన్నవల్లా కొన్ని డీసీ లింకులు, అంటే రెండు గ్రిడ్లను విడిగానే ఉంచి కొంత కరెంటు మాత్రం అటూ ఇటూ పంపేవి. అన్నీ కలిపినా 1,200 మెగావాట్ల పైచిలుకే. 2023 ఆగస్టు 10న ఇక్కడి డిమాండ్ 85,508 మెగావాట్లకు ఎగబాకింది. ఆ లెక్కలో బయటినుంచి వచ్చే సాయం ఏ మూలకూ సరిపోదు.

విడిగా ఉండడం ఎప్పుడూ నష్టమే అనను. 2012 జులై చివర్లో మన దేశంలో ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినప్పుడు దక్షిణ గ్రిడ్ నిలబడింది. అప్పట్లో అది మిగతా దేశంతో డీసీ లింకులతోనే కలిసి ఉండేది కాబట్టి ఆ దెబ్బ హైదరాబాద్, విజయవాడల దాకా రాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణం కూడా దేశమంతటి గ్రిడ్‌లో చేరింది. టెక్సాస్ మాత్రం విడిగానే ఉండిపోయింది. దాని ఖరీదేమిటో 2021 ఫిబ్రవరిలో వచ్చిన చలి తుపానులో తెలిసింది.

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో, 60 హెర్ట్జ్ ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (వాడకానికి తగ్గ ఉత్పత్తి లేకపోతే ఇది పడిపోతుంది) 59.3 దాకా పడిపోయింది. 59.4 కంటే కింద నాలుగు నిమిషాల 23 సెకన్లు ఉంది. అదే తొమ్మిది నిమిషాలు ఉండుంటే జనరేటర్లు తమను తాము కాపాడుకోవడానికి వరసగా ఆగిపోయేవి. ఆ తర్వాత గ్రిడ్‌ను మళ్లీ సున్నా నుంచి లేపడానికి వారాలు పట్టేది. దాన్ని ఆపడానికి ఎర్కాట్ 20,000 మెగావాట్ల వాడకానికి కోత పెట్టించింది. 45 లక్షల ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. గాలిమరలు గడ్డకట్టడం వల్లే ఇదంతా జరిగిందని అప్పట్లో టీవీల్లో గట్టిగా వినిపించింది. కొన్ని మరలు గడ్డకట్టిన మాట నిజమే. కానీ పెద్ద దెబ్బ గ్యాస్ వైపు నుంచి తగిలింది. బావుల దగ్గర పైపులు గడ్డకట్టాయి, ప్లాంట్లు మొరాయించాయి. గ్యాస్ పంపే కంప్రెసర్లలో కొన్నిటికి ఈ కోతల్లోనే కరెంటు ఆగిపోయింది. గ్యాస్ లేక కరెంటు లేదు, కరెంటు లేక గ్యాస్ లేదు.

మా ఇంట్లో హీటింగ్ గ్యాస్ ఫర్నేస్‌తోనే. ఆ రోజుల్లో గ్యాస్ వస్తూనే ఉంది, కానీ ఆ వేడిని గదుల్లోకి పంపే ఫ్యాన్‌కు కరెంటు లేదు. ఆ ఫ్యాన్ తీసుకునేది అర కిలోవాట్ కంటే కాస్త ఎక్కువ, అంతే. అంత చిన్న లోడ్ కోసం పిల్లలకు రెండేసి స్వెట్టర్లు తొడిగి ఒక్క గదిలో పడుకోబెట్టాల్సి వచ్చింది. సోలార్ సంగతి మేం సీరియస్‌గా ఆలోచించింది ఆ తర్వాతే. అందుకే మొదటినుంచీ బ్యాటరీ లేకుండా వద్దనుకున్నాం.

ఇది ఇంకా చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా చెప్తాను. బ్యాటరీ లేని సోలార్ ఉంటే, వీధిలో కరెంటు పోగానే మీ ప్యానెళ్లు కూడా ఆగిపోతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే. లైను బాగుచేస్తున్న మనిషికి మీ ఇంటి కరెంటు వెనక్కి వెళ్లి తగలకుండా ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె) తనంతట తానే ఆగిపోయేలా కట్టిన నియమం అది, సరైన నియమమే. బ్యాటరీతో పాటు వచ్చే స్విచ్ ఇంటిని వీధి లైను నుంచి విడదీస్తేనే ప్యానెళ్లు లోపలికి పనిచేస్తాయి. అమ్మేవాళ్లు ఈ ముక్క తమంతట తాము చెప్పగా నేను వినలేదు.

ఖర్చు విషయానికొస్తే, అన్నీ కలిపి 36,000 డాలర్ల దాకా అయింది. ఆ ఏడాది ఫెడరల్ టాక్స్ క్రెడిట్ (కేంద్ర ప్రభుత్వం పన్నులో ఇచ్చే తగ్గింపు) 26 శాతం. అది పోను చేతినుంచి 26,000 డాలర్ల చిల్లర పడింది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు కాస్త నసిగారు గానీ, 2011లో వచ్చిన టెక్సాస్ చట్టం ప్రకారం వాళ్లు సోలార్‌ను మొత్తానికి వద్దనలేరు. మాకు పెట్టిన కంపెనీ ఆ తర్వాత మూతపడింది. ప్యానెళ్లకు, బ్యాటరీకి తయారీదారుల వారంటీలు ఉన్నాయి, పనితనానికి కంపెనీ ఇచ్చిన వారంటీ మాత్రం కాగితం మీదే మిగిలింది. ఈ రంగంలో ఇలా మూతపడినవి ఇంకా చాలా ఉన్నాయి. కాబట్టి ధర ఒక్కటే చూసి కంపెనీని ఎంచుకోవద్దు.

ప్యానెళ్ల పనితీరులో వంక పెట్టడానికి లేదు. ఎండాకాలం మంచిరోజున 40 యూనిట్లు దాటుతుంది. జనవరిలో అందులో సగం. మబ్బుపట్టి సన్నగా జల్లు పడుతుంటే ఐదు యూనిట్లు కూడా రాదు. మాకు కొన్ని దక్షిణం వైపు, కొన్ని పడమర వైపు ఉన్నాయి. పడమర వైపువి మొత్తంగా తక్కువే ఇస్తాయి, కానీ సాయంత్రం ఏడింటికి కూడా ఎంతో కొంత ఇస్తూనే ఉంటాయి. ఆ వేళ వచ్చే ఒక్క యూనిట్ మధ్యాహ్నం వచ్చే రెండింటి కంటే మేలు.

చిక్కు వచ్చేది బిల్లు దగ్గర. టెక్సాస్‌లో 2002 నుంచి చాలా ప్రాంతాల్లో కరెంటు అమ్మే కంపెనీని మనమే ఎంచుకోవాలి. స్తంభాలు, వైర్లు, మీటరు మాత్రం వేరే కంపెనీవి, మా వైపు అది ఆంకోర్. బిల్లులో కరెంటు ధర ఒకటి, ఆంకోర్‌కు పోయే డెలివరీ చార్జీ ఇంకొకటి. మనం బయటికి పంపిన యూనిట్‌కు డెలివరీ చార్జీ తిరిగిరాదు. ఇంత ఇవ్వాలని రాష్ట్రం పెట్టిన నియమమూ లేదు, ఎవరి ప్లాన్ వాళ్లది. మొదట్లో మా ప్లాన్‌లో పంపిన యూనిట్‌కు, మేం కొనే యూనిట్‌కిచ్చే కరెంటు ధరే వచ్చేది. కాంట్రాక్ట్ అయిపోయి కొత్తది తీసుకునేసరికి అది మూడో వంతుకు పడిపోయింది. ఇప్పుడు ఏడాదికి మాకు మిగిలేది 1,200 డాలర్ల ప్రాంతంలో. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు పైనే అని ఆ లెక్కే చెప్తోంది. పదేళ్లలో వస్తుందని చెప్పే సేల్స్ వాళ్ల చార్టులో, కరెంటు ధర ఏటా ఎంత పెరుగుతుందని రాశారో ఒకసారి చూడండి. మాయంతా ఆ ఒక్క గడిలోనే ఉంటుంది.

మధ్యాహ్నం కరెంటుకు ధర ఎందుకు పడిపోయిందంటే, అప్పుడు అందరి దగ్గరా ఉంది కాబట్టి. గాలి కరెంటులో టెక్సాస్ అమెరికాలోనే ముందుంది. పెద్ద సోలార్ ఫారాలూ ఈ కొన్నేళ్లలో విపరీతంగా పెరిగాయి. కొరత వచ్చేది పొద్దు వాలాక. 2023 సెప్టెంబరు 6న సాయంత్రం ఏడున్నర లోపే ఎర్కాట్ ఎమర్జెన్సీ రెండో మెట్టు, అంటే కోతలకు ముందు మెట్టు, ప్రకటించింది. సోలార్ దిగిపోతోంది, గాలి తక్కువగా ఉంది, ఏసీలు ఇంకా పూర్తిగా నడుస్తున్నాయి. దక్షిణ టెక్సాస్ నుంచి పైకి కరెంటు తెచ్చే లైన్లకు ఉన్న పరిమితి కూడా ఆ రోజు ఇబ్బంది పెట్టింది. అదృష్టం కొద్దీ కోతలు రాలేదు. ఆ సాయంత్రం మా ఇల్లు బ్యాటరీ మీదే నడిచింది. ఎండాకాలంలో రోజూ అలాగే నడిచేలా పెట్టాను: మధ్యాహ్నం ప్యానెళ్లు బ్యాటరీని నింపుతాయి, పొద్దు వాలాక ఇల్లు అందులోంచి వాడుకుంటుంది. 30 శాతం మాత్రం కరెంటు పోతే పనికొస్తుందని ఎప్పుడూ మిగిల్చి ఉంచుతాను. ఇప్పుడు రాష్ట్రం మొత్తం చేస్తున్నదీ ఇదే. 2021 నాటికి గ్రిడ్ మీద బ్యాటరీలు నామమాత్రం. తర్వాతి మూడు నాలుగేళ్లలో వేల మెగావాట్లు వచ్చి పడ్డాయి. 2024, 2025 ఎండాకాలాలు పొదుపు చేయమన్న విన్నపాలు లేకుండా గడిచాయంటే వాటి వాటా చాలా ఉంది.

చలికాలం లెక్క వేరు. ఎక్కువ లోడ్ పడేది పొద్దున సూర్యుడు రాకముందు. 2025 ఫిబ్రవరిలో అలాంటి ఒక పొద్దున డిమాండ్ 80,000 మెగావాట్లు దాటింది. ఆ వేళ ప్యానెళ్ల నుంచి వచ్చేది సున్నా. చలి తుపాను వస్తోందంటే ముందు రోజే గ్రిడ్ నుంచి బ్యాటరీ పూర్తిగా నింపి పెట్టుకుంటాను. ఫర్నేస్ ఫ్యాన్, ఫ్రిజ్, లైట్లు, వైఫై కలిపి గంటకు ఒక యూనిట్ లోపే, కాబట్టి రాత్రంతా నిశ్చింత. గ్యాస్ లేకుండా పూర్తిగా కరెంటు హీటింగ్ ఉన్న ఇళ్లకు ఇది వర్తించదు. హీట్ స్ట్రిప్స్ (కరెంటుతో వేడెక్కే తీగలు) పది కిలోవాట్ల దాకా లాగుతాయి, ఒక బ్యాటరీ వాటిని మోయలేదు. అలాంటి ఇల్లయితే ముందు అటిక్‌లో (పైకప్పు కింది ఖాళీలో) వేడి బయటికి పోకుండా ఆపే ఇన్సులేషన్ సరిచేయించుకోవడం మంచిది.

అసలు పరీక్ష 2024 మే 28న వచ్చింది. పొద్దున్నే వచ్చిన గాలివానకు డాలస్ చుట్టుపక్కల ఆరు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. గ్రిడ్‌లో కరెంటుకు ఏ కొరతా లేదు, విరిగింది చెట్లూ స్తంభాలూ. మా వీధికి మర్నాడు రాత్రి దాకా రాలేదు. మేం ఏసీ ఒక్కటే, అదీ మధ్యాహ్నం ప్యానెళ్లు ఇస్తున్నప్పుడే వేసుకున్నాం. ఏసీ ఆగకుండా నడిస్తే బ్యాటరీ మూడు గంటల్లో అయిపోతుంది. రాత్రి కిటికీలు తీసుకుని ఫ్యాన్లతో సరిపెట్టుకున్నాం. పక్కింటి పెద్దావిడ ఇన్సులిన్ మా ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు, రాత్రికి ఆక్సిజన్ మెషీన్‌కు మా ఇంటి నుంచే వైరు లాగాం. ఈ బ్యాటరీ గురించి నేనింత గట్టిగా చెప్పడానికి ఆ ఒక్క రాత్రి చాలు. ఆ జులైలో బెరిల్ తుపానుకు హ్యూస్టన్ వైపు 22 లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి, కొందరికి వారం దాటినా రాలేదు. ఎన్ని సోలార్ ఫారాలు కట్టినా వీధి స్తంభం గట్టిగా లేకపోతే ఇంట్లో చీకటే.

చిరాకు పెట్టినవీ ఉన్నాయి. వడగళ్ల వానకు పైకప్పు షింగిల్స్ దెబ్బతిన్నాయి. ప్యానెళ్లకు ఒక్క గీత పడలేదు, కానీ పైకప్పు మార్చాలంటే వాటిని దింపి మళ్లీ ఎక్కించాలి. దానికే వేల డాలర్లు అడుగుతారు. ఇన్సూరెన్స్‌లో ఆ ఖర్చు కలుస్తుందో లేదో పాలసీ తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఏసీ స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును బ్యాటరీ తట్టుకోలేక మొదట్లో ట్రిప్ అయ్యేది. సాఫ్ట్ స్టార్టర్ అనే చిన్న పరికరం పెట్టించాక ఆ గొడవ పోయింది.

ఫ్రీమాంట్‌లో ఉండే మా బావగారి లెక్క పూర్తిగా వేరు. కాలిఫోర్నియాలో యూనిట్ ధర మాకంటే చాలా ఎక్కువ. 2023 ఏప్రిల్ తర్వాత కొత్తగా పెట్టుకున్నవాళ్లకు, బయటికి పంపిన కరెంటుకిచ్చే ధరను బాగా కోసేశారు. దాంతో అక్కడ డబ్బు పరంగా కూడా బ్యాటరీయే దిక్కయింది. 2017లో మరియా తుపాను తర్వాత నెలల తరబడి చీకట్లో ఉన్న ప్యూర్టోరికోలో లక్షకు పైగా ఇళ్లమీద సోలార్ వచ్చింది, వాటిలో ఎక్కువ బ్యాటరీతోనే. కొరత వచ్చినప్పుడు అక్కడి గ్రిడ్ ఈ ఇళ్ల బ్యాటరీల నుంచి కరెంటు తీసుకుని యజమానులకు డబ్బిస్తుంది. అయినా 2025 ఏప్రిల్ 16న దీవి మొత్తం గ్రిడ్ పడిపోయింది. చిలీలో అటకామా ఎడారి ఎండ పుష్కలం, జనం ఉండేది శాంటియాగో వైపు. మధ్యలో లైన్లు చాలక పగటిపూట సోలార్‌ను ఆపేసుకోవాల్సి వస్తోంది. అందుకే కిమాల్ నుంచి లో అగిర్రె దాకా దాదాపు 1,350 కిలోమీటర్ల డీసీ లైను తలపెట్టారు. 2025 ఫిబ్రవరి 25న అక్కడ ఉత్తరం నుంచి వచ్చే 500 కేవీ లైను ఆగిపోగానే దేశం దాదాపు అంతా చీకటైంది. ఈ విషయంలో టెక్సాస్‌ను మెచ్చుకోవాలి. పడమటి టెక్సాస్ గాలిని నగరాలకు తేవడానికి 2014 నాటికే సుమారు 3,600 మైళ్ల లైన్లు, 7 బిలియన్ డాలర్ల దాకా పెట్టి కట్టింది. ఇప్పుడు డేటా సెంటర్లు వరస కడుతున్న వేగానికి అవి చాలవు. మళ్లీ ఆ స్థాయిలో కట్టాల్సిందే, దాని ఖర్చు మా డెలివరీ చార్జీల్లో కలిసినా సరే.

కొత్తగా కొనేవాళ్లకు ఒక ముఖ్యమైన మార్పు: సొంతంగా కొనే ఇంటి సోలార్‌కు, బ్యాటరీకి ఇచ్చే ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో ముగిసింది. అది ఇంకా ఉందన్నట్టు మాట్లాడే సేల్స్‌మన్ వస్తే అక్కడితోనే మాట ఆపేయండి. ఇప్పుడు నేను మొదటినుంచి పెట్టించాల్సి వస్తే ప్యానెళ్లు ఐదు కిలోవాట్లకు తగ్గించి, అందులోనూ పడమర వైపు ఎక్కువ పెట్టించి, మిగిలిన డబ్బుతో రెండు బ్యాటరీలు తీసుకుంటాను. మాకు రెండో బ్యాటరీ కోసం గరాజ్‌లో చోటు ఉంది, ధరలు అడుగుతున్నాను. ప్యానెళ్లు మాత్రం ఇక పెంచను.