బోగొటాలో ఒక్క పగలు: పెరూ దారిలో ఆగదగ్గ ఊరేనా?

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో మచు పిచ్చుకి బయల్దేరే తెలుగువాళ్ళ టికెట్లలో కొలంబియా రాజధాని బోగొటా పేరు తరచూ కనిపిస్తుంది. కొలంబియా విమాన సంస్థ అవియాంకాలో వెళ్తే సాధారణంగా విమానం మారేది అక్కడే. టికెట్ కొనేటప్పుడు రెండు దారులు కనిపిస్తాయి: మూడు గంటల్లో విమానం మారిపోవడం, లేదా పన్నెండు గంటల కనెక్షన్ తీసుకుని ఊరు చూడటం. పది గంటల కంటే తక్కువ ఉంటే ఎయిర్‌పోర్టు దాటి బయటికి రావద్దు. పది నుంచి పధ్నాలుగు గంటలుంటే తప్పకుండా రండి, కానీ ఆ రోజు ఏ వారమో (సోమవారమా, ఆదివారమా అని) చూసుకుని రండి. బోగొటాలో ఒక్క రోజు బాగా గడవడమనేది ఎన్ని గంటలున్నాయన్న దానితో పాటు, ఏ వారం దిగారన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ముందు టికెట్ సంగతి. అంతర్జాతీయ టికెట్లో 24 గంటల లోపు ఆగితే అది కనెక్షన్ కిందే లెక్క. ఒకే టికెట్ అయితే సాధారణంగా పెట్టెలు నేరుగా పెరూలోని లిమాకో కుస్కోకో వెళ్ళిపోతాయి, మీరు చేతిసంచితో ఊళ్ళోకి వెళ్ళొచ్చు. చెక్-ఇన్ దగ్గర పెట్టెకి కట్టిన ట్యాగ్ మీద చివరి ఊరి పేరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. 24 గంటలు దాటితే అది స్టాపోవర్. దాన్ని మల్టీ సిటీ కింద వెతికి కొనాలి, ధర మారొచ్చు. రెండు వేర్వేరు టికెట్లు కొన్నవాళ్ళు మాత్రం పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి బయటికి రావాల్సిందే. అలాంటివాళ్ళు ‘గ్వార్దా ఎకిపాహే’ అని బోర్డున్న లగేజీ గదిలో వాటిని పెట్టుకోవాలి. పెట్టెలు లాక్కుంటూ పాత ఊరి రాళ్ళ వీధుల్లో తిరగాలని మాత్రం అనుకోకండి.

వీసా దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. భారత పాస్‌పోర్టుకి కొలంబియా వీసా కావాలి. అయితే అమెరికా లేదా షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా కనీసం 180 రోజులు చెల్లుబాటులో ఉంటే, లేదా అక్కడి శాశ్వత నివాసం ఉంటే, వీసా లేకుండా 90 రోజుల దాకా రానిస్తారు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పాస్‌పోర్టులో అతికించిన వీసా మీది తేదీ. హెచ్-1బీ పొడిగింపు వచ్చిందని చూపించే ఐ-797 కాగితం వీసా కాదు. దాన్ని నమ్ముకుని వెళ్తే విమానం ఎక్కే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ఇంకో చిక్కు తిరుగుదారిలో ఉంది. పాస్‌పోర్టులోని అమెరికా వీసా స్టాంపు గడువు దాటినవాళ్ళు కెనడా, మెక్సికోలకి నెల లోపు వెళ్ళొస్తే పాత స్టాంపుతోనే అమెరికాలోకి రానిచ్చే సడలింపు ఉంది కదా, అది కొలంబియాకి, పెరూకి వర్తించదు. కాబట్టి టికెట్ కొనేముందు ఇంట్లో ప్రతి ఒక్కరి స్టాంపు తేదీ విడివిడిగా చూడండి, డిపెండెంట్ వీసాల మీదివి కూడా.

కొలంబియా ఇమిగ్రేషన్ వాళ్ళ ‘చెక్ మిగ్’ అనే ఆన్‌లైన్ ఫారం విమానానికి 72 గంటల ముందు నుంచి గంట ముందు దాకా నింపొచ్చు. దేశంలోకి వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఇంకోసారి నింపాలి. రెండోది మర్చిపోయి వెళ్ళేవేళ వరసలో నిలబడి ఫోన్లో కుస్తీ పట్టేవాళ్ళు ఎక్కువ. ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైట్ ఏదైనా సరే, అది ప్రభుత్వానిది కాదు.

ఎల్లో ఫీవర్ టీకా గురించి రెండు విషయాలు కలిపి చూడాలి. బోగొటా ఎత్తులో ఉన్న చల్లటి ఊరు, ఆ జ్వరం మోసే దోమల బెడద అక్కడ లేదు. కానీ మన దేశం దృష్టిలో కొలంబియా, పెరూ రెండూ ఎల్లో ఫీవర్ దేశాలే. అక్కణ్ణుంచి బయల్దేరిన ఆరు రోజుల లోపు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో దిగితే టీకా పసుపు కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్లో పెట్టే అధికారం వాళ్ళకుంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ఇండియా నుంచి బయల్దేరేవాళ్ళు హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో కొలంబియా ప్రభుత్వం ఈ జ్వరం వల్ల ఆరోగ్య అత్యవసర స్థితి ప్రకటించింది కాబట్టి, ఊరు దాటి పల్లపు ప్రాంతాలకి వెళ్ళే ఆలోచన ఉంటే టీకా తప్పనిసరి అనుకోండి.

ఇప్పుడు గంటల లెక్క. ఉదయం 8కి దిగి రాత్రి 8కి ఎగరాలనుకోండి. ఇమిగ్రేషన్‌కి ఒక గంట, టాక్సీకి ముప్పావు గంట పోతే పాత ఊరు కాందెలారియా చేరేసరికి పావు తక్కువ పది. సాయంత్రం నాలుగున్నర నుంచి రోడ్లు బిగుసుకుపోతాయి. ఎయిర్‌పోర్టుకి పదిహేను కిలోమీటర్లు కూడా ఉండని దారికే గంట పైన పడుతుంది. మెట్రో మొదటి లైను పనులు నడుస్తున్నన్నాళ్ళూ ఈ బాధ తప్పదు. అందుకే నాలుగింటికల్లా వెనక్కి బయల్దేరాలి. అంటే పన్నెండు గంటల్లో మీకు మిగిలేవి ఆరు. అదే పది గంటలైతే నాలుగే. ఈ తీసివేత చేయకుండా జిపాకిరా ఉప్పు గనిలోని చర్చి కూడా చూసేద్దామనుకునేవాళ్ళున్నారు. అది ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరం, పగలంతా దానికే సరిపోతుంది.

ఇక వారం సంగతి. ఊళ్ళో ముఖ్యంగా చూడాల్సినవి మూడు: బంగారు మ్యూజియం, బొటేరో మ్యూజియం, మోన్సెర్రాతె కొండ. సోమవారం బంగారు మ్యూజియం మూసేస్తారు. మంగళవారం బొటేరో మ్యూజియం మూసేస్తారు. ఆదివారం బంగారు మ్యూజియం ఉచితం, కాబట్టి జనం. మోన్సెర్రాతె కొండ మీద చర్చికి వచ్చే భక్తులతో కేబుల్ కార్ దగ్గర పొడవాటి వరస. ఆ రోజు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా ‘సిక్లొవీయా’ పేరుతో నూరు కిలోమీటర్లకి పైగా రోడ్లు సైకిళ్ళకి వదిలేస్తారు. 1974 నుంచి నడుస్తున్న చక్కటి ఆనవాయితీ ఇది, చూడటానికి ఎంతో బాగుంటుంది. కాకపోతే మీ టాక్సీ చుట్టూ తిరిగి రావాలి. కొలంబియాలో ఏడాదికి 18 జాతీయ సెలవులు, 1983 నాటి చట్టం ప్రకారం వాటిలో చాలావాటిని సోమవారానికి జరుపుతారు. ఆ సోమవారాల్లో రోడ్లు, రద్దీ ఆదివారాల్లాగే ఉంటాయి. బుధ, గురు, శనివారాలు మేలు. శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్ మరీ ఘోరం.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి పసుపు టాక్సీయే సరి. బయట అధికారిక వరస ఉంటుంది, లోపలే పక్కకి పిలిచేవాళ్ళ వెంట వెళ్ళొద్దు. ట్రాన్స్‌మిలేనియో బస్సు చాలా చవక, పోర్తల్ ఎల్ డొరాడో దాకా వెళ్ళి మారితే పాత ఊరి దాకా వస్తుంది. కానీ కార్డు కొనాలి, రద్దీలో జేబులు కొట్టేస్తారు, పైగా ఇలా ఒక్క పగలే ఉన్నప్పుడు డబ్బు కంటే గంటలే ఖరీదు. ఇద్దరు ముగ్గురున్నప్పుడు బస్సు దండగ. తిరిగి వచ్చేటప్పుడు యాప్ కారు పిలవడం సులువు. ఊబర్ లాంటి వాటికి అక్కడ చట్టపరమైన స్పష్టత లేదు కాబట్టి డ్రైవరు ఒకర్ని ముందు సీట్లో కూర్చోమంటాడు, కంగారు పడొద్దు.

పెసో నోట్ల మీద ‘50 మిల్’ అని ఉంటే యాభై వేలు అని అర్థం. సున్నాలు తగ్గించి రాయడం వల్ల ఐదు వేలకీ యాభై వేలకీ తడబడతారు. ఏటీఎంలో మీ కరెన్సీలోకి మార్చి తీసుకుంటారా అని అడిగితే వద్దనండి, ఆ రేటు నష్టం. చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి, లక్ష నోటుకి చిల్లర దొరకడం కష్టం.

బంగారు మ్యూజియానికి రెండు గంటలివ్వండి. దేశపు రిజర్వు బ్యాంకు 1939లో మొదలుపెట్టింది, ఇవాళ్టి భవనం 1968లో తెరిచారు. వేల కొద్దీ బంగారు వస్తువులున్న మాట నిజమే, కానీ అన్ని అంతస్తులూ సమానంగా చూడాలని తాపత్రయపడొద్దు. నేరుగా ముయిస్కా తెప్ప దగ్గరికి వెళ్ళండి, అది ముయిస్కా అనే స్థానిక జాతివాళ్ళు చేసిన చిన్న బంగారు బొమ్మ. 1969లో పాస్కా దగ్గర ఒక గుహలో దొరికింది. పట్టుమని ఇరవై సెంటీమీటర్ల పొడవుండదు, మధ్యలో దొర, చుట్టూ పరివారం. కొత్త దొర ఒళ్ళంతా బంగారు పొడి పూసుకుని గ్వాతవీతా చెరువు మధ్యకి తెప్పలో వెళ్ళి కానుకలు నీళ్ళలో వదిలేవాడట. ఎల్ డొరాడో అన్న మాటకి అర్థమే ‘బంగారు పూసుకున్నవాడు’, మీరు దిగిన ఎయిర్‌పోర్టు పేరూ అదే. పోత పోసిన పద్ధతి మన పంచలోహ విగ్రహాల పద్ధతే: మైనంతో బొమ్మ చేసి, మీద మట్టి పూసి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోయడం. స్వామిమలై పోత విగ్రహాలు చూసినవాళ్ళకి ఆ సన్నటి తీగల పనితనం విలువ ఇట్టే తెలుస్తుంది.

అక్కణ్ణుంచి పది నిమిషాల నడకలో బొటేరో మ్యూజియం. ఎప్పుడూ ఉచితమే. కొలంబియా చిత్రకారుడు ఫెర్నాందో బొటేరో తన బొమ్మలు 123, తను సేకరించిన ఇతర చిత్రకారులవి 85 ఇచ్చేశాడు. పికాసో, మొనె కూడా ఉన్నారు. ముప్పావు గంట చాలు.

మోన్సెర్రాతె కొండ 3,152 మీటర్లు. బోగొటాయే 2,640 మీటర్ల ఎత్తున ఉంది, ఊటీ కంటే నాలుగొందల మీటర్లు ఎక్కువ. న్యూయార్క్ నుంచి ఆరు గంటల్లో వచ్చి దిగగానే మెట్లెక్కితే తలనొప్పి, ఆయాసం ఖాయం. మొదటి గంట నెమ్మదిగా నడవండి, నీళ్ళు ఎక్కువ తాగండి. కొండకి ఫ్యూనిక్యులర్ రైలు 1929 నుంచి, కేబుల్ కార్ 1955 నుంచి ఉన్నాయి. పనిదినాల్లో సాధారణంగా ఉదయం రైలు, మధ్యాహ్నం నుంచి కేబుల్ కార్ నడుస్తాయి, ఏదెక్కినా నిమిషాల్లో పైకి చేరతారు. ఉదయమే ఎక్కడం మంచిది, మధ్యాహ్నానికి మబ్బు కమ్మి కింద ఊరు కనపడదు. ఏప్రిల్, మే, అక్టోబర్, నవంబర్ నెలల్లో వాన మరీ ఎక్కువ. మబ్బు పట్టిన రోజున ఈ కొండ మానేసి ఆ గంటన్నర మ్యూజియంలో గడపండి, బాధపడాల్సింది ఏమీ లేదు. కింది స్టేషన్ దాకా టాక్సీలోనే వెళ్ళండి. దగ్గరే కదా అని ఆ ఎగువ వీధిలో నడిచినవాళ్ళని దోచుకోవడం మామూలు. అక్కడివాళ్ళకి ఒక మాటుంది, ‘బొప్పాయి ఇవ్వకు’ అని. దొంగకి సందు ఇవ్వకు అని దాని భావం. వీధిలో ఫోన్ చేతిలో పట్టుకుని మ్యాప్ చూడటమే బొప్పాయి ఇవ్వడం. పోలీసునని చెప్పి మీ నోట్లు పరీక్షించాలనే మనిషికి డబ్బు చూపించొద్దు.

భోజనానికి బొలీవర్ కూడలి పక్కనే లా పుయెర్తా ఫాల్సా. 1816 నాటి హోటల్, ఇరుకు చోటు, మధ్యాహ్నం పన్నెండు దాటితే గుమ్మం బయట వరస. పదకొండున్నరకే వెళ్ళండి. ‘చొకొలాతె కొంప్లేతో’ చెప్పండి: వేడి చాక్లెట్, బ్రెడ్డు, జున్ను ముక్క. జున్నుని చాక్లెట్లో వేసి మెత్తబడ్డాక చెంచాతో తీసుకుని తింటారు. వినడానికి వింతగా ఉన్నా, ఉప్పూ తీపీ కలిసి ఆ చలికి హాయిగా ఉంటుంది. మాంసాహారులు అహియాకో తినాలి. మూడు రకాల బంగాళాదుంపలు, కోడి, మొక్కజొన్న పొత్తు, గ్వాస్కాస్ అనే ఆకు వేసి చిక్కగా కాచిన పులుసు అది.

శాకాహారులకి ఒక హెచ్చరిక. ‘వెహెతారియానో’ అంటే చాలా చోట్ల ఎర్ర మాంసం లేదని మాత్రమే అర్థం చేసుకుంటారు, కోడి ముక్కో ట్యూనా చేపో వచ్చేస్తుంది. ‘సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో’ అని మూడూ విడివిడిగా చెప్పాలి. రాజ్మాలాంటి చిక్కుడు గింజల కూరలో తరచూ పంది మాంసం ఉంటుంది, సూపుకి నీళ్ళే మాంసం నీళ్ళు. జున్ను అరేపా (మొక్కజొన్న పిండి రొట్టె), పచ్చి అరటికాయని నొక్కి వేయించే పతకోన్, పళ్ళు క్షేమం. అల్మొహాబానా అనే జున్ను బన్నులో గుడ్డు ఉండొచ్చు, అడగండి. బిల్లు ఇచ్చేటప్పుడు సర్వీసు కలపమంటారా అని అడుగుతారు. పది శాతం, ఇష్టమైతేనే.

పొద్దున్నే దిగినవాళ్ళు దారిలో పాలొకెమావ్ మార్కెట్‌లో అరగంట ఆగితే బాగుంటుంది. లూలో, గ్రానదీయా లాంటి అక్కడి పళ్ళు, మన లక్ష్మణఫలం కూడా దొరుకుతాయి. పసుపు డ్రాగన్ ఫ్రూట్ తియ్యగా ఉంటుంది కానీ విరేచనకారి, ముందు విమానం ఉన్న రోజున ముట్టుకోకండి.

రాత్రి కూడా ఆగేవాళ్ళు కాందెలారియాలో కాకుండా చాపినేరో అనే పేట వైపో, విమానం పొద్దున్నే అయితే ఎయిర్‌పోర్టు దారిలోనో గది తీసుకోండి. చీకటి పడ్డాక పాత ఊరు ఖాళీ అయిపోతుంది. విదేశీ పర్యాటకులకి హోటల్ గది మీద 19 శాతం పన్ను ఉండదు, పాస్‌పోర్టు, ప్రవేశ ముద్ర చూపించి తీయించుకోవాలి. కుస్కో వెళ్ళేవాళ్ళకి ఈ రాత్రి బస ఇంకో రకంగా కూడా మేలు చేస్తుంది. సముద్ర మట్టంలో ఉన్న లిమాలో పడుకుని నేరుగా 3,400 మీటర్లకి ఎగరడం కంటే, 2,640 మీటర్ల దగ్గర ఒక రాత్రి ఉండి వెళ్తే ఒంటికి కొంత తేలిక. కొంతే సుమా, కుస్కోలో మొదటి రోజు విశ్రాంతి ఎలాగూ తప్పదు.

ఎత్తుకి మంచిదని కోకా ఆకు టీ పెడతారు. డ్రగ్ టెస్టులున్న ఉద్యోగాలవాళ్ళు తాగొద్దు, ఒక్క కప్పుకే పాజిటివ్ వస్తుంది. ఆ టీ పొట్లాలు అమెరికాలోకి తీసుకెళ్ళడం నేరం, కాబట్టి ఎయిర్‌పోర్టు బయల్దేరేముందే సంచి ఒకసారి తడిమి చూసుకోండి.