పాతకాలపు తీరు విద్యుత్ లాంచీ: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

పాతకాలపు తీరులో కట్టిన విద్యుత్ లాంచీని చూస్తే, వార్నిష్ పూసిన టేకు, ఇత్తడి బిగింపులు, నిటారుగా నీటిలోకి దిగే అణియం (పడవ ముందుకొస) కలిసి కొనేవారిచేత లెక్కలు మరిపిస్తాయి. ఈ తీరు కొత్తదేమీ కాదు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో సందర్శకులను తిప్పినవీ బ్యాటరీ లాంచీలే. నా దగ్గరున్నది ఏడు మీటర్ల పొడవున్న ఫైబర్‌గ్లాస్ పడవ. పైపని టేకుది, మోటారు 48 వోల్టులది. నదుల్లోనూ కాలువల్లోనూ ఏళ్ల తరబడి నడిపిన మీదట, డబ్బు పెట్టవలసింది పెద్ద మోటారు మీద కాదు, సన్నగా పొడవుగా ఉన్న పడవ అడుగుభాగం మీద అన్నది నా అభిప్రాయం.

నీటిని చీల్చుకుంటూ పోయే ఇలాంటి పడవ వేగానికి నీటిరేఖ, అంటే పడవ ఒంటికి నీటిమట్టం తగిలే గీత, దాని పొడవే హద్దు. నా లాంచీకి అది గంటకు సుమారు 11 కిలోమీటర్లు. కరెంటు వాడకం ఇంచుమించు వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, హద్దు దగ్గరపడితే ఇంకా ఎక్కువగానే. నిలకడ నీటిలో ఏడు కిలోమీటర్ల వేగానికి ఒకటిన్నర కిలోవాట్లు చూపే మీటరు, తొమ్మిదికి పెంచగానే మూడు దాటుతుంది. 200 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీల్లో కాగితం మీద 9.6 యూనిట్లున్నా, అవి ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు కనుక, చేతికందేది మూడు గంటల నెమ్మది ప్రయాణమే. అమ్మేవారు చెప్పే దూరం నిలకడ నీటి లెక్క. మూడు కిలోమీటర్ల వేగంతో పారే నదిలో ఎదురెక్కడానికి పోయే కాలం దిగేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు, అందుకే తిరుగు ప్రయాణంలో ప్రవాహం తోడుండేలా నేను ముందు ఎగువకే వెళతాను.

మోటారుకు చేయవలసిన సేవ నామమాత్రం. నాచు ప్రొపెల్లర్‌కు చుట్టుకున్నప్పుడు చెవికి ఏమీ తెలియకముందే, అదే వేగానికి మీటరు ఎక్కువ చూపుతుంది. కాసేపు వెనక్కి తిప్పితే చాలావరకు వదులుతుంది. మంచినీటిలో తిరిగే పడవకు ఆనోడ్, అంటే మిగతా లోహాలకు బదులు తాను తినిపోయేలా బిగించే లోహపు ముక్క, జింక్‌ది కంటే మెగ్నీషియంది మేలు. అసలు చాకిరీ అంతా వార్నిష్‌దే. తాడు ఒరుసుకునే చోటా స్క్రూ తలల చుట్టూ పూత ముందుగా లేస్తుంది. ఆ సందులోకి నీరు చేరితే టేకు నల్లబడుతుంది, ఇక పైపూతతో పోదు, చెక్క తేలేదాకా గీకవలసిందే. ఏటా ఈ పనికి ఓపిక లేనివారు టేకు తక్కువగా ఉన్న పడవను చూసుకోవడం మంచిది.

సీసపు బ్యాటరీలు అయిపోయాక లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌వి పెట్టించాను. దానికి తగిన చార్జరు వేరే కొనవలసి వచ్చింది, సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో చార్జింగ్ పెట్టకూడదన్న నియమమూ పాటించాలి. కానీ అదే పరిమాణంలో వాడుకోగలిగే శక్తి బాగా పెరిగింది. ఎవరూ ముందుగా చెప్పని సంగతి బరువుది. నేల పలకల కింద ఉన్న సీసం పోవడంతో లాంచీ పైకి తేలి, పక్కగాలికి రేవు దగ్గర జారిపోవడమూ, వెనక్కి నడిపితే ప్రొపెల్లర్ గాలి మింగడమూ మొదలయ్యాయి. తీసేసిన బరువులో కొంత సీసపు దిమ్మెలుగా మళ్లీ అడుగున పేర్చాకే పడవ తన పాత నీటిరేఖకు దిగింది.