కొండ నడకా, గోల్ఫా? స్కాట్లాండ్‌లో తోడు వెతుక్కునే అనంతపురం వాళ్లకు ఏది మేలు?

అనంతపురం నుంచి చదువుకో, ఉద్యోగానికో స్కాట్లాండ్ వెళ్లేవారికి ఊరగాయ ఎంత కట్టాలి, కుక్కర్ ఏ సైజుది పెట్టాలి అనే లెక్కలన్నీ ఇంట్లోవాళ్లే చూసుకుంటారు. శని, ఆదివారాలు ఎవరితో గడుస్తాయని మాత్రం ఎవరూ అడగరు. వెళ్లిన నెలకల్లా అదే పెద్ద బెంగ అవుతుంది. ఆఫీసులో అందరూ మర్యాదగానే ఉంటారు. శుక్రవారం సాయంత్రం ఐదు దాటిందా, ఎవరి దారి వారిది. తెలుగు సంఘాలూ ఆదివారం క్రికెట్టూ ఉండనే ఉన్నాయి కానీ, అక్కడ దొరికేది మళ్లీ మనవాళ్లే. ఆ దేశం మనుషులతో కలవాలంటే అక్కడ రెండు మంచి దారులున్నాయి: కొండలెక్కడం, గోల్ఫ్ ఆడటం. ఎడిన్‌బరోలో ఉన్న రోజుల్లో రెండూ రుచి చూశాను కాబట్టి తీర్పు ముందే చెప్పేస్తాను. చాలామందికి కొండే మేలు. బిడియస్తులకు మాత్రం గోల్ఫే మేలు. ఈ రెండో మాట విని నవ్వేవాళ్లుంటారు, అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

ముందు డబ్బు సంగతి. 1935లో పుట్టిన రాంబ్లర్స్ అనే నడక సంస్థకు స్కాట్లాండ్‌లోనూ చాలా ఊళ్లలో బృందాలున్నాయి. సభ్యత్వం కట్టకముందే ఒకటి రెండు నడకలకు ఊరికే వెళ్లి చూడవచ్చు. 2003 నాటి భూసంస్కరణ చట్టం పుణ్యమా అని, బాధ్యతగా నడిచేవారికి అక్కడి కొండలూ అడవులూ దాదాపు అన్నీ తెరిచే ఉంటాయి. టికెట్టు లేదు. ఖర్చంతా బూట్లకూ వానకోటుకే. అక్కడ పిసినారితనం చూపకండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఊరి నుంచి వెళ్లి, కొన్నిచోట్ల 3000 మిల్లీమీటర్లు దాటే కొండల్లో నడవబోతున్నారు. జీన్స్ ప్యాంటు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. దాన్ని వేసుకొచ్చినవారిని బృందాన్ని నడిపించే మనిషి వెనక్కి పంపిస్తే చిన్నబుచ్చుకోవలసిన పనిలేదు.

గోల్ఫ్ క్లబ్బుల్లో ఏడాది రుసుము వందల పౌండ్లలో ఉంటుంది, పేరున్నచోట వెయ్యి దాటుతుంది. అలాగని అది దొరల ఆటేనని తీర్మానించుకోనక్కర్లేదు. స్కాట్లాండ్‌లో ఐదు వందలకు పైగా మైదానాలున్నాయి. పురపాలక మైదానాల్లో ఏ రోజు ఆటకు ఆ రోజే కట్టి ఆడవచ్చు. ఎడిన్‌బరో నడిబొడ్డున బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అనే మైదానంలోనైతే వేసవిలో పొట్టి గోల్ఫ్ (గుంతలు దగ్గరదగ్గరగా ఉండే ఆట) ఉచితం, కర్రలూ బంతీ మీవి ఉంటే చాలు. నిబంధనల ప్రకారం 14 కర్రల దాకా తీసుకెళ్లవచ్చు. కొత్తవారికి పాత సామాన్ల దుకాణంలో దొరికే ఆరేడు సరిపోతాయి.

ఇక అసలు విషయం, తోడు.

కొండ బృందంలో పది, పదిహేను మంది ఉంటారు. ఎవరి పక్కన నడవాలో మీరే తేల్చుకోవాలి. కలుపుగోలు మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఒకరితో విసుగు పుడితే బూటు లేసు కట్టుకునే నెపంతో ఆగి, వెనకాల వచ్చేవారితో కలవవచ్చు. బిడియస్తుడికి అదే చిక్కు. అందరి వెనకా నడిచి, కొండ మీద ఒక్కడే కూర్చుని తిని, ఎలా వెళ్లినవాడు అలాగే దిగివస్తాడు. గోల్ఫులో ఆ బాధ లేదు. ఒంటరిగా వెళ్లినా పురపాలక మైదానాల్లో తరచూ ఇద్దరు ముగ్గురితో జత చేస్తారు. 18 గుంతల ఆట అంటే దాదాపు నాలుగు గంటలు, అంతసేపూ ఆ నలుగురే. ఎవరిదో బంతి గడ్డిలో పోతుంది. వెతకడానికి నిబంధన ఇచ్చే గడువు మూడు నిమిషాలు. నలుగురూ తలలు వంచి, కాళ్లతో గడ్డి పాయలు తీస్తూ వెతుకుతుంటే మాట దానంతటదే వస్తుంది. ఏమీ తోచకపోతే ఇప్పుడే కొట్టిన దెబ్బ గురించి మాట్లాడవచ్చు. అవతలివారు కొట్టబోతున్నప్పుడు నోరు మెదపకపోవడమే మర్యాద కాబట్టి, మాటలు రానివారిని ఎవరూ తప్పుపట్టరు.

ఆట రాకపోతే ఎలా అంటారా? ఆట అంతగా రానివారికి అదనపు దెబ్బల వెసులుబాటు ఇచ్చే హ్యాండిక్యాప్ అనే లెక్క 54 దాకా ఉంటుంది కాబట్టి కొత్తవాడూ నేర్పరీ ఒకే పోటీలో ఆడవచ్చు. అయితే బంతి కనీసం గాల్లోకి లేవడానికే కొన్ని వారాల సాధన కావాలి. వెనక జట్టు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తుండగా గాలిని నరకడం ఏమంత సరదాగా ఉండదు. ఏడాదిలో ముగిసే ఎమ్మెస్సీకి వెళ్లే పిల్లలకు అంత వ్యవధి ఎక్కడిది? వాళ్లు నేరుగా తమ విశ్వవిద్యాలయపు కొండ నడక క్లబ్బులో చేరిపోవాలి.

కొండ బృందంలో మనవాళ్లకు మాట కలపడానికి ఓ మంచి సాకు కూడా ఉంది. స్కాట్లాండ్‌లో 3000 అడుగులు దాటిన పెద్ద శిఖరాలను మన్రోలంటారు. 1891లో సర్ హ్యూ మన్రో వేసిన జాబితా అది, ఇప్పుడు లెక్క 282. మన మన్రో వేరు. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పుట్టింది గ్లాస్గోలో. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు పూడ్చిపెట్టింది మన గుత్తిలో. ఓ కొండ మీద భోజనాల వేళ ఈ సంగతి చెబితే, పక్కనున్న పెద్దాయన తడిసిన చేతితొడుగు పళ్లతో లాగేసి, జేబు పుస్తకంలో ‘గుత్తి’ అని రాసుకున్నారు. దిగేదాకా నన్ను వదల్లేదు.

ఆ భోజనాల దగ్గరే ఓ జాగ్రత్త. వేరుశనగ జిల్లా మనుషులం కదా అని చిక్కీలు తీసి పంచబోకండి. వేరుశనగ పడనివారుంటే ప్రాణం మీదికి వస్తుంది. ముందు అడగండి.

నడక వేగం గురించి కూడా నిజమే చెప్పాలి. 1892 నాటి నెయిస్మిత్ సూత్రం ఇప్పటికీ నడుస్తోంది: ఐదు కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. పెనుకొండ కోట ఎండలో ఎక్కిన ధీమాతో వెళ్లేవారిని అక్కడి బురద నేల ఇట్టే నీరసపరుస్తుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగుంకుతుంది. మంచు పేరుకున్నాక, మంచులో పట్టు కోసం వాడే గొడ్డలీ, బూట్లకు ఇనుప ముళ్లూ లేనిదే పెద్ద కొండల జోలికి వెళ్లకూడదు. ఆ నెలల్లో సముద్రతీరపు గోల్ఫ్ మైదానాలదే పైచేయి.

అసలైన స్నేహం మాత్రం కొండ మీద కంటే కారులోనే కుదురుతుందని నా అనుభవం. రానూపోనూ మూడు నాలుగు గంటలు ఒకరి కారులో సర్దుకుని కూర్చుంటారు. పెట్రోలు వాటా అడగకముందే ఇచ్చేయాలి. గోల్ఫులో ఆ స్నేహం ఆట అయ్యాక క్లబ్బు బల్ల దగ్గర కుదురుతుంది. మద్యం ముట్టనక్కర్లేదు, టీ అయినా సరే, కానీ మన వంతు వచ్చినప్పుడు అందరికీ మనమే కొనాలి. తప్పించుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, మళ్లీ పిలవరు.

మనవళ్లను చూడటానికి ఆరు నెలల వీసా మీద వెళ్లే అమ్మానాన్నల విషయంలో తూకం వేసే పనే లేదు. ఆర్ట్స్ కళాశాల మైదానంలో తెల్లవారుజామున నడిచే అలవాటున్నవాళ్లు వాళ్లు. మునుపు పాత్స్ ఫర్ ఆల్ అని పిలిచిన వాకింగ్ స్కాట్లాండ్ సంస్థ అండతో చాలా ఊళ్లలో ఉచిత ఆరోగ్య నడకలు జరుగుతాయి. గంటలోపే అయిపోతాయి, చదునైన దారులు. వచ్చీరాని ఇంగ్లిషు చాలు, మంకీ క్యాపుతో వెళ్లినా పట్టించుకునేవారు లేరు. గోల్ఫ్ మాట మాత్రం వాళ్ల దగ్గర ఎత్తకండి. ఒక్క ఆట ధర రూపాయల్లో చెబితే ఆ రాత్రి నిద్రపోరు.