లీచెస్: వరసగా ఓడిపోతున్న కొత్తవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

చదరంగం కొత్తగా మొదలుపెట్టి, ఓడి ఓడి మనసు విరిగినవారికి లీచెస్ యాప్ బాగా పనికొస్తుంది. నిజానికి దాని అసలు విలువ ఆడించడంలో కంటే, ఓడిన ఆటను తిరిగి చూపించడంలో ఉంది. రెండేళ్లకు పైగా దాదాపు రోజూ వాడిన తర్వాత ఈ మాట చెబుతున్నాను.

మాది హనుమకొండ. వరంగల్‌లో పుట్టిన ఇరిగేశి అర్జున్ 2018లో పద్నాలుగేళ్ల వయసులోనే చదరంగంలో అత్యున్నత బిరుదైన గ్రాండ్‌మాస్టర్ సాధించాడు. 2024 డిసెంబర్ ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) జాబితాలో 2801 రేటింగుతో (ఆటగాడి బలాన్ని చూపే అంకె), విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడిగా నిలిచాడు. ఆ వార్తలు చదివి బోర్డు ముందు కూర్చున్న పిల్లలు మా వైపు చాలామందే ఉన్నారు. నలభై దాటిన నాలాంటివాళ్లూ ఉన్నారు. కొన్ని ఆటలు ఓడగానే మానేసినవారినీ చూశాను. వారు మానేయడానికి ప్రధాన కారణం రేటింగ్ అంకె.

లీచెస్‌లో చేరిన ప్రతివారికీ మొదట 1500 రేటింగ్ ఉంటుంది. గ్లికో-2 అనే పద్ధతిలో దాన్ని లెక్కిస్తారు. మన బలం ఎంతో దానికి ఇంకా తెలియదు కాబట్టి మొదటి ఆటల్లో ఓడితే అంకె ఒక్కసారిగా కిందికి జారుతుంది. అది కుదురుకునే దాకా రేటింగ్ పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తూనే ఉంటుంది. పడిపోవడం చూసి భయపడతాం గానీ, అది మన స్థాయిని వెతుక్కుంటోంది, అంతే. అంకె కుదురుకున్నాక సాధారణంగా సమఉజ్జీలే ఎదురవుతారు. మన ఆట మెరుగైతే ప్రత్యర్థులూ గట్టివాళ్లే వస్తారు. అంటే ఎంత ఎదిగినా ఇంచుమించు సగం ఆటలు ఓడుతూనే ఉంటాం. ఈ సంగతి మొదటి వారంలోనే కొత్తవారందరికీ ఎవరైనా చెబితే ఎంత బాగుంటుందో! సెట్టింగుల్లో రేటింగులు కనిపించకుండా చేసుకునే వీలుంది. మొదటి కొన్ని నెలలు అలాగే ఆడమని నా సలహా.

ఇక విశ్లేషణ. నాలుగు ఎత్తుల్లో ఆటకట్టు కావడం కొత్తవారందరికీ తగిలే దెబ్బే. తెల్లపావులవారు ఈ4 గడిలోకి, నల్లపావులవారు ఈ5 గడిలోకి బంటును జరుపుతారు. తెల్ల శకటు (బిషప్) సీ4కు, నల్ల గుర్రం సీ6కు వస్తాయి. తెల్ల మంత్రి హెచ్5లోకి దిగుతుంది. దాన్ని తరిమేద్దామని రెండో గుర్రాన్ని ఎఫ్6లో పెడితే, మంత్రి ఎఫ్7 బంటును కొట్టి ఆట ముగించేస్తుంది. ఆట అయ్యాక కంప్యూటర్ విశ్లేషణ అడిగితే ఆ గుర్రం ఎత్తు పక్కన ఘోరమైన తప్పుకు గుర్తుగా రెండు ప్రశ్నార్థకాలు పడతాయి. అంతటితో వదలదు. తప్పుల నుంచి నేర్చుకునే మీట నొక్కితే సరిగ్గా ఆ ఎత్తుకు ముందు స్థితిలో బోర్డు పరిచి, మెరుగైన ఎత్తు మనల్నే వెతకమంటుంది. జీ6కు బంటును జరిపితే మంత్రి దారి మూసుకుపోతుంది, పైగా మంత్రి మీదే దాడి. మంత్రి ఎఫ్3కు తప్పుకుని మళ్లీ ఎఫ్7పై కన్నేస్తే, అప్పుడు గుర్రం ఎఫ్6కు రావాలి. ఇది ఎవరో చెబితే వినడం వేరు, మన వేలితో కనుక్కోవడం వేరు. అలా కనుక్కున్న ఎత్తు మళ్లీ మరచిపోం.

పజిల్స్ కూడా అంతే మేలైనవి. నిజంగా జరిగిన ఆటల్లోంచి తీసినవే కాబట్టి, అలాంటి స్థితులు మన ఆటల్లోనూ తరచూ ఎదురవుతాయి. మొదట ఒక్క ఎత్తులో ఆటకట్టు, తర్వాత ఒకే గుర్రంతో రెండు పావులను బెదిరించే ఫోర్క్, ఆ తర్వాత వెనకున్న పెద్ద పావు పోతుందనే భయంతో ముందు పావు కదల్లేకుండా చేసే పిన్, ఇలా ఒక్కో అంశాన్ని విడిగా ఎంచుకుని చేస్తే ఫలితం కనిపిస్తుంది. గబగబా నొక్కేసుకుంటూ పోతే దండగ. మా పక్కింటి అబ్బాయి ఐదో తరగతి. "బాబాయ్, ముందు ఎదుటివాడు ఏ ఎత్తు వేస్తాడో చూడండి, తర్వాత మీది వేయండి" అని ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు.

ఆ ఆలోచనకు సమయం కావాలి. అందుకే మూడు నిమిషాల బ్లిట్జ్ ఆటలు కొత్తవారికి వద్దు. పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనంగా వచ్చే ఆట తీసుకోండి. రోజుకు ఒక్కటి ఆడి, దాన్ని పూర్తిగా తిరగేస్తే చాలు.

లోటు లేదా అంటే, ఉంది. కంప్యూటర్ మంచి ఎత్తు చూపిస్తుంది గానీ అది ఎందుకు మంచిదో మాటల్లో చెప్పదు. పావు పోయిందనో ఆటకట్టు తప్పిందనో అయితే మనకే అర్థమవుతుంది. చిన్న చిన్న తేడాల దగ్గర మాత్రం ఆట తెలిసిన మనిషి పక్కన ఉండాల్సిందే. లేకపోతే వాటిని వదిలేసి, రెండు ప్రశ్నార్థకాలు పడిన ఎత్తులనే చూడండి.

ఖర్చు ఏమీ లేదు, ప్రకటనలూ ఉండవు. 2010లో తిబో ద్యుప్లెసీ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ సైట్ విరాళాల మీదే నడుస్తోంది. పిల్లలకు ఇచ్చేటప్పుడు కిడ్ మోడ్ పెట్టండి, అపరిచితులతో సందేశాలు ఆగిపోతాయి. నేను ప్రస్తుతం అభ్యాస విభాగంలో రాజు, బంటు మిగిలిన ముగింపులు చేస్తున్నాను. పజిల్స్ కుదిరాక మీరూ అటే వెళ్లండి.