ఉచిత ధ్యాన ప్రసంగాలకు వెళ్ళేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి: నా 37,300 రూపాయలు, నా థైరాయిడ్ మాత్ర

అందరికీ నమస్కారం. మా విశాఖలో ఆదివారం సాయంత్రాలు కల్యాణ మండపాల్లోనూ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లలోనూ ధ్యానం గురించి, ఆత్మ గురించి ఉచిత ప్రసంగాలు జరుగుతుంటాయి కదా, అలాంటి ఒక బృందంతో నాకు జరిగింది చెబుదామని రాస్తున్నాను. వాళ్ళ పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్ళు ఒక్కరే ఉండరు, పేరు కన్నా పద్ధతి తెలిస్తేనే మీకు ఎక్కువ ఉపయోగం.

నేను ధ్యానాన్ని నమ్మని మనిషిని కాదు. మా నాన్నగారు మాస్టర్ సీవీవీ యోగంలో ఉండేవారు, ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ ఎక్కడున్నా ప్రార్థనకు కూర్చునేవారు. సాయంత్రం మా ఇంటికి పది పన్నెండు మంది వచ్చేవారు, అమ్మ అందరికీ టీ పెట్టేది, అంతే. ఎవరైనా ఎవరికైనా ఒక్క రూపాయి ఇవ్వడం నేను చూడలేదు. అందుకే ఇలాంటి చోట డబ్బు దగ్గర జాగ్రత్తగా ఉండాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మా ఆయన పోయి అప్పటికి ఏడాదిన్నర. కార్తీక మాసంలో మా పక్కింటావిడ తీసుకెళ్ళింది. మొదటి నాలుగు ప్రసంగాలు నిజంగా బాగున్నాయి, అది ఒప్పుకోవాలి. పంచకోశాల గురించి, అంటే మనిషిలో ఉండే ఐదు పొరల గురించి, అన్నమయం నుంచి ఆనందమయం దాకా, తైత్తిరీయోపనిషత్తులో ఉన్నదాన్ని ఎంత విడమరిచి చెప్పారంటే ఇంటికొచ్చాక కూడా దాని గురించే ఆలోచించాను. మరణం గురించి చెప్పిన రోజు ఏడ్చేశాను. జిడ్డు కృష్ణమూర్తి గురించి కూడా ఎంతో గొప్పగా చెప్పారు. మన మదనపల్లెలో పుట్టిన మనిషి, తనను జగద్గురువును చేయాలని దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్ళు పెట్టిన సంస్థను 1929లో తనే రద్దు చేశాడని, సత్యానికి ఏ సంస్థా దారి చూపలేదని అన్నాడని చెప్పారు. అదే వేదిక మీద పది నిమిషాల తర్వాత లెవెల్ 1, లెవెల్ 2, లెవెల్ 3 అని మెట్లు చూపించి ఫారాలు పంచారు. రెండింటికీ పొత్తు కుదరదని ఆ హాల్లో అరవై మందిలో ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ ఫారం గురించి కాస్త వివరంగా చెప్పాలి. పేరు, వయసు, ఉద్యోగం, జబ్బులు, వాడుతున్న మందులు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, చివర్లో "మీ మనసులో తీరని బాధ ఏమిటి" అని నాలుగు గీతలు. నేను అన్నీ నింపాను. మా ఆయన ఆఖరి రోజు నేను ఆసుపత్రిలో లేనని, ఇంటికి స్నానానికి వెళ్ళానని, ఎవరికీ చెప్పని మాట కూడా అందులో రాశాను. మూడు వారాల తర్వాత లెవెల్ 2 క్లాసులో గురూజీ నా తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని, "ఎవరో వెళ్ళిపోయే వేళకు మీరు దగ్గర లేరు తల్లీ, వారు మిమ్మల్ని క్షమించారు" అన్నారు. నాకు ఒళ్ళంతా వణికింది. ఇంత దివ్యదృష్టా అనుకున్నాను. నా చేత్తో నేను రాసిచ్చిన కాగితం గుర్తుకు రావడానికి నాలుగు నెలలు పట్టింది. డబ్బు పోయిన దానికన్నా దీనికే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

ఇక శ్వాస సాధన. చీకటి గదిలో పెద్దగా సంగీతం పెట్టి నలభై నిమిషాల పాటు ఆపకుండా గబగబా ఊపిరి పీల్చి వదలమన్నారు. పావుగంటకి పెదాలు మొద్దుబారాయి, చేతివేళ్ళు జివ్వుమంటూ వాటంతటవే ముడుచుకుపోయాయి, తల తేలిపోయింది. నాడులు తెరుచుకుంటున్నాయి, కుండలిని కదిలింది అన్నారు. నా పక్కన ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోతే కర్మ కరుగుతోందని, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పారు. తర్వాత మా డాక్టరుగారిని అడిగితే ఇందులో వింత ఏమీ లేదమ్మా అన్నారు. అవసరానికి మించి గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో ఎవరికైనా తిమ్మిర్లు వస్తాయి, వేళ్ళు ముడుచుకుంటాయి, తల తిరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, మూర్ఛ వచ్చేవాళ్ళు, గర్భిణులు ఇలాంటిది చేస్తే ప్రమాదం కూడానట. క్లాసులో మమ్మల్ని ఎవరూ ఆ మాట అడగలేదు. జబ్బులన్నీ ఫారంలో రాయించుకున్నారు, కానీ దీని కోసం కాదు.

అసలు నష్టం మాత్రం మందు దగ్గర జరిగింది. నేను పదకొండేళ్ళుగా రోజూ పరగడుపున 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. రసాయనాలు ప్రాణశక్తికి అడ్డుపడతాయని ప్రతి క్లాసులో ఏదో ఒక మాట పడేది. నేను సూటిగా అడిగితే వాలంటీరు అమ్మాయి, "మానేయమని మేం చెప్పం అక్కా, మీ శరీరం ఏం చెబుతుందో వినండి" అంది. సంక్రాంతి వెళ్ళాక మానేశాను. మొదటి పది రోజులు ఏమీ కాలేదు. పైగా తేలిగ్గా ఉన్నట్టు అనిపించింది. అందరి ముందు నిలబెట్టి నా అనుభవం చెప్పించారు, చప్పట్లు కొట్టారు, ఆ వీడియో తీశారు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అందుకే మానేసిన కొత్తలో ఎవరికీ తేడా తెలియదు. ధ్యానంతో నయమైందని నేను చెప్పిన రోజున నా ఒంట్లో ఇంకా పాత మాత్రలే పనిచేస్తున్నాయి. మార్చి మొదటికల్లా ముఖం ఉబ్బింది, మెట్లెక్కలేకపోయాను, పగలంతా నిద్ర, దువ్వితే జుట్టు చేతికొచ్చేది. శుద్ధి జరుగుతోంది, ఓపిక పట్టండి అన్నారు. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చి నన్ను చూసి భయపడి రక్తపరీక్ష చేయించింది. థైరాయిడ్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను 41 వచ్చింది, మామూలుగా నాలుగున్నర లోపు ఉండాలి. మళ్ళీ మాత్ర మొదలుపెట్టి మనిషిని కావడానికి రెండు నెలలు పట్టింది.

నా చేత నా అనుభవం చెప్పించిన ఆ వీడియో చూసి ఇంకెవరైనా మందు మానేశారేమో అన్నదే ఇప్పుడు నా టెన్షన్. తీసేయమని మూడుసార్లు అడిగాను. తీసేశామన్నారు, నిజమో కాదో తెలియదు.

డబ్బు లెక్క కూడా చెప్పేస్తాను. లెవెల్ 1కి 2,500, లెవెల్ 2కి 12,000, స్ఫటిక మాలకి 4,800, భీమిలి దగ్గర రిసార్టులో మూడు రోజుల శిబిరానికి అడ్వాన్సు 18,000. మొత్తం 37,300. ఆ మాలను కురుపాం మార్కెట్లో ఒక నగల షాపాయనకి చూపిస్తే భూతద్దం పెట్టి పూసల లోపల గుండ్రటి గాలిబుడగలు చూపించారు, ఇది గాజమ్మా అన్నారు. శిబిరానికి వెళ్ళనని, అడ్వాన్సు ఇచ్చేయమని అడిగితే రసీదు చూసుకోమన్నారు. చూస్తే అన్ని రసీదుల మీదా ఫీజు అన్న మాటే లేదు, "స్వచ్ఛంద విరాళం" అని ఉంది. అది ఊరికే రాసింది కాదని తర్వాత అర్థమైంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉచితంగా చేసే సేవ లెక్కలోకి రాదు. సేవ ఉచితం, మీరు ఇష్టపడి విరాళమిచ్చారు అనేస్తే సరిపోతుందని వాళ్ళ ధైర్యం.

కానీ నా వాట్సాప్‌లో "లెవెల్ 2 - 12,000, సీట్లు పరిమితం, 20వ తేదీలోగా కట్టినవారికే" అన్న మెసేజ్ ఉంది. విరాళానికి ధర, సీటు, గడువు ఉండవు కదా. ఆ మెసేజ్‌తో 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. పదిహేను రోజుల్లో వాళ్ళే ఫోన్ చేసి 9,000 వెనక్కి వేశారు. మిగతా దాని కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను, ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. మీరు కూడా ఎక్కడైనా ఇరుక్కుంటే మెసేజ్‌లు డిలీట్ చేయకండి, గ్రూపులోంచి బయటికి వచ్చేముందు అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, డబ్బు నగదుగా ఇవ్వకండి. జబ్బుల మాట వాళ్ళు ఎప్పుడూ కాగితం మీద పెట్టరు, అది కూడా గమనించండి. మంత్రంతోనో తాయెత్తుతోనో షుగరు, బీపీ, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన వేస్తే మందులు, మంత్ర చికిత్సల ప్రకటనల మీద ఉన్న 1954 చట్టం ప్రకారం నేరం, అందుకే అంతా నోటి మాటే.

ధ్యానం నేర్చుకోవాలనుకునేవాళ్ళు నిరుత్సాహపడకండి, అన్ని చోట్లా ఇలా ఉండదు. మా చెల్లెలు హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రంలో పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సు చేసింది. భోజనం, వసతి అన్నీ కలిపి ఒక్క రూపాయి ఫీజు లేదు, కోర్సు పూర్తి చేసినవాళ్ళ దగ్గరే విరాళం తీసుకుంటారు, అదీ ఇష్టమైతేనే. వాళ్ళూ దరఖాస్తులో జబ్బులు, మందులు అడిగారు, కానీ ఎందుకంటే ఆ కోర్సు తట్టుకోగలదో లేదో చూడటానికి. బీపీ మాత్రలు తెచ్చుకుని మామూలుగా వేసుకోమన్నారు.

మా వీధి చివర మళ్ళీ ఫ్లెక్సీ కట్టారు, వచ్చే ఆదివారం ఐదు గంటలకి ఉచిత ప్రసంగం అని. గురూజీ ఫోటో అదే, బృందం పేరు మాత్రం మారింది. వెళ్ళాలనిపిస్తే వెళ్ళి వినండి. ఫారం ఇస్తే మాత్రం పేరు రాసి మిగతాదంతా ఖాళీగా వదిలేయండి, పొద్దున వేసుకునే మాత్ర వేసుకునే వెళ్ళండి. వాళ్ళ మాట విని ఇప్పటికే ఏ మందైనా మానేసి ఉంటే, రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.