కిలిమంజారో, మచామే దారి: కొత్తవాళ్లు ఏడు రోజుల ప్యాకేజీయే తీసుకోండి

ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ ఎక్కాలనుకుంటున్న కొత్తవాళ్లకి అసలు మాట ముందే చెప్పేస్తాను. శిఖరానికి వెళ్లే దారుల్లో ఒకటైన మచామే దారికి ట్రెక్కింగ్ కంపెనీలు ఆరు రోజులది ఒకటి, ఏడు రోజులది ఒకటి రెండు ప్యాకేజీలు చూపిస్తాయి. ఏడు రోజులదే తీసుకోండి. ఆ తేడా డబ్బు ఇంకెక్కడైనా మిగుల్చుకోవచ్చు, ఇక్కడ మాత్రం వద్దు.

నేను ఐసీయూలో నర్సుని. అందుకే ఈ రివ్యూలో టెంట్లు, టిఫిన్ల కన్నా ఊపిరి గురించి ఎక్కువ ఉంటుంది. మేం వెళ్లిన కంపెనీ పేరు రాయడం లేదు. బాగున్నవీ, బాగోలేనివీ రెండూ చెబుతాను. ఏ కంపెనీతో వెళ్లినా అవి పనికొస్తాయి.

ఈ కొండ కొత్తవాళ్లకి సరిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. సరిపోతుంది. టాంజానియాలో ఉన్న ఈ కొండ ఎత్తు 5,895 మీటర్లు, ఆఫ్రికా మొత్తంలో ఇదే ఎత్తైనది. అయినా మామూలు దారుల్లో తాళ్లు, మంచు గొడ్డలి అవసరం లేదు, నడక వస్తే చాలు. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణ తర్వాత కిలిమంజారో కూడా ఎక్కింది. అప్పటి నుంచి మనవాళ్లలో దీని మీద మోజు పెరిగింది. మంచిదే. కానీ నడక తేలిక అన్నంత మాత్రాన ఎత్తు తేలిక కాదు. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగమే. గుండె, ఊపిరితిత్తులు, మెదడు ఆ సగంతోనే పని నడపాలి. దానికి అలవాటు పడటానికి శరీరానికి కావాల్సింది కండబలం కాదు, రోజులు.

మచామే గేటు దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి రాత్రి 2,800 దాటి పడుకుంటాం, రెండో రాత్రి షిరా క్యాంపులో 3,800 దగ్గర. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని వైద్యుల సలహా. ఈ దారి రెండో రోజే ఆ హద్దు దాటేస్తుంది. షిరాలో మాలో సగం మందికి తలనొప్పి రావడం అందుకే. మూడో రోజు దాన్ని కొంత సరిచేస్తుంది: 4,630 మీటర్ల దగ్గరున్న లావా టవర్ దాకా ఎక్కించి, అక్కడే మధ్యాహ్నం భోజనం పెట్టి, సాయంత్రానికి మళ్లీ 3,900 పైచిలుకులో ఉన్న బరాంకోకి దించుతారు. పగలు పైకెక్కి రాత్రి కిందికొచ్చి పడుకోవడం ఈ దారిలో ఉన్న పెద్ద సుగుణం. లావా టవర్ దగ్గర అన్నం ముద్ద దిగదు. అయినా కాస్త తినండి, నీళ్లు తాగుతూనే ఉండండి.

అసలు తేడా నాలుగో రోజు వస్తుంది. ఆరు రోజుల ప్యాకేజీలో బరాంకో నుంచి ఒక్క రోజులోనే బరాఫు క్యాంపుకి, అంటే 4,670 మీటర్లకి తీసుకెళ్తారు. అదే రాత్రి పదకొండింటికి లేపి శిఖరానికి బయలుదేరదీస్తారు. ఏడు రోజులదాంట్లో మధ్యలో కరంగా క్యాంపులో ఒక రాత్రి ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నానికల్లా బరాఫు చేరతాం, సాయంత్రమంతా పడుకోవచ్చు. మేం టెంట్లలో కాళ్లు చాపుకుని ఉండగా ఆరు రోజుల బృందం ఒకటి చీకటి పడే వేళకి వచ్చింది. వాళ్ల ముఖాలు చూస్తే కరంగా రాత్రి విలువ ఏంటో అర్థమవుతుంది.

ఇక గైడ్ల గురించి. ఈ కొండ మీద గైడ్ లేకుండా ఎక్కనివ్వరు, కాబట్టి మీరు డబ్బు కట్టేది ముఖ్యంగా వాళ్లకే. మా హెడ్ గైడ్ రోజూ సాయంత్రం భోజనాల టెంట్‌లో ఒక్కొక్కరి వేలికి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ పెట్టేవాడు. నా ఉద్యోగంలో రోజూ చేసే పనే కాబట్టి మొదటి రోజు కాస్త అనుమానంగానే చూశాను. అతను ముందు మా చేతుల్ని టీ కప్పు చుట్టూ పెట్టించి వెచ్చబడనిచ్చాడు. చల్లటి వేలి మీద అంకె తప్పు చూపిస్తుంది. ఒకావిడ గోళ్లకి రంగు ఉంటే వేరే వేలు చూశాడు, అన్ని గోళ్లకీ రంగే ఉందని చెవి తమ్మెకి పెట్టే క్లిప్పు తీశాడు. అంకె పడగానే నోట్ చేసుకుని వెళ్లిపోలేదు, అర నిమిషం ఆగి అది నిలబడేదాకా చూశాడు. ఆ తర్వాత ప్రశ్నలు: తలనొప్పి ఉందా, వికారంగా ఉందా, నిద్ర పట్టిందా, అన్నం తిన్నావా. అంకె కన్నా ఈ ప్రశ్నలే ముఖ్యం. ఆ ఎత్తులో ఆక్సిజన్ ఎనభైల్లోకి పడిపోవడం మామూలే. కింద ఆస్పత్రిలో ఆ అంకె కనిపిస్తే నేను పరిగెడతాను, అక్కడ మాత్రం మనిషిని చూసి నిర్ణయించాలి. అతనికి అది తెలుసు.

బరాఫులో అది రుజువైంది. మా బృందంలో ఒక కుర్రాడు ఉన్నాడు, మారథాన్లు పరిగెత్తేవాడు. నాలుగు రోజులుగా అందరికన్నా ముందు క్యాంపు చేరింది అతనే. ఆ సాయంత్రం రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, మాట కాస్త తడబడింది. గైడ్ నేల మీద కర్రతో గీత గీసి, మడమకి బొటనవేలు తగిలేలా దాని మీద నడవమన్నాడు. నాలుగో అడుగుకే కుర్రాడు పక్కకి తూలాడు. నా గుండె గుభేలుమంది, ఎందుకంటే ఆ తూలడం మెదడులో వాపు మొదలైందనడానికి గుర్తు కావచ్చు. గంటసేపు చూద్దాం, తగ్గుతుందేమో అనే మాట గైడ్ నోట రాలేదు. ఆక్సిజన్ సిలిండర్, ఇద్దరు మనుషులు, ఒక అసిస్టెంట్ గైడ్, అప్పటికప్పుడే కిందికి. కుర్రాడు ఏడ్చినంత పని చేశాడు, ఇంత డబ్బు కట్టి వచ్చానన్నాడు. గైడ్ గొంతు పెంచలేదు, మాటా మార్చలేదు. మర్నాడు మేం దిగే దారిలో ఉన్న మ్వేకా క్యాంపుకి చేరేసరికి ఆ కుర్రాడు పళ్లెం నిండా అన్నం పెట్టుకుని తింటున్నాడు. ఈ ట్రిప్ మొత్తంలో ఆ కంపెనీ చేసిన గొప్ప పని ఏదంటే నేను ఇదే చెబుతాను. బుక్ చేసే ముందు కంపెనీని తప్పకుండా ఒక మాట అడగండి: ఒకరిని కిందికి పంపాల్సి వస్తే వాళ్లతో వెళ్లడానికి అదనపు గైడ్ ఉంటాడా? ఉంటాడని సూటిగా చెప్పని వాళ్లతో వెళ్లకండి.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రల గురించి కూడా ఒక మాట. అది ఎత్తుకి అలవాటు పడటంలో సాయం చేస్తుంది, ఉన్న జబ్బుని దాచిపెట్టదు. కానీ వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు సొంతంగా వేసుకోకూడదు. ముందే డాక్టర్‌ని కలవండి.

డబ్బు సంగతికొస్తే, చవక ప్యాకేజీలు చూసి సంబరపడకండి. నేను వెళ్లినప్పుడు పార్కు రుసుము మనిషికి రోజుకి 70 డాలర్లు, క్యాంపింగ్ రాత్రికి 50, రెస్క్యూ రుసుము ట్రిప్‌కి 20, వీటి మీద 18 శాతం పన్ను. ఏడు రోజులకి, ఆరు రాత్రులకి లెక్కేస్తే దాదాపు 956 డాలర్లు ప్రభుత్వానికే పోతాయి. అందులో ఏ కంపెనీ ఒక్క డాలర్ తగ్గించలేదు. మరి 1,200 డాలర్లకే తీసుకెళ్తామనేవాళ్లు మిగిలిన రెండు వందల చిల్లరతో తిండి, వాహనం, గైడ్లు, సామాను మోసే పోర్టర్లు అన్నీ ఎలా నడుపుతారు? కోత పడేది పోర్టర్ల కూలి మీదే.

వాళ్లని చూశాక ఈ విషయం తేలిగ్గా వదల్లేకపోతున్నాను. బరాంకో క్యాంపు దాటగానే వచ్చే బరాంకో గోడ దాదాపు 250 మీటర్ల రాతి ఎక్కుడు. చాలా చోట్ల చేతులు వాడాలి, ఒక చోట బండని కౌగిలించుకుని పక్కకి జరగాలి. మేం చిన్న సంచులతో, గైడ్ చెయ్యి పట్టుకుని జరుగుతుంటే, గ్యాస్ సిలిండర్ భుజాన, మడత బల్లలు నెత్తిన పెట్టుకున్న మనుషులు మమ్మల్ని దాటుకుని పోయారు. ఒకతని బూటు అడుగుభాగం ఊడిపోతే తాడుతో కట్టుకున్నాడు. అతను మా బృందం మనిషి కాదు, ఇంకేదో కంపెనీ మనిషి. పోర్టర్ మోసే సామాను 20 కిలోలు దాటకూడదని పార్కు నియమం, గేటు దగ్గర తూకం వేస్తారు. మాకు బ్యాగు 15 కిలోలు దాటొద్దని ముందే చెప్పారు. కొండ కింద ఉన్న మోషీ ఊళ్లో కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని ఒక సంస్థ ఉంది. పోర్టర్లకి సరైన కూలి, తిండి, పడుకోవడానికి చోటు ఇచ్చే కంపెనీలు అందులో భాగస్వాములుగా ఉంటాయి. మీరు చూస్తున్న కంపెనీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. మావాళ్లు ఉన్నారు. మా పోర్టర్ల టెంట్‌లో రాత్రిపూట ఉగాలి (మొక్కజొన్న పిండి ముద్ద), కూర వేడివేడిగా తినడం నేను స్వయంగా చూశాను.

బాగోలేనివి కూడా చెప్పాలి. అద్దెకిచ్చిన స్లీపింగ్ బ్యాగు జిప్పు మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయేది. రెండో రాత్రి చెబితే మూడో రాత్రి మార్చారు. అద్దె సామాను మోషీలోనే విప్పి, పడుకుని చూసుకోండి. టిప్పు ఎవరికెంత ఇవ్వాలన్న కాగితం చివరి ముందు రోజు రాత్రి చేతిలో పెట్టారు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. అక్కడ టిప్పు ఇష్టముంటే ఇచ్చేది కాదు, కూలిలో భాగం లాంటిది. ఆ మొత్తం బుకింగ్ రోజునే ధరతో పాటు చెప్పాలి. ప్రత్యేక టాయిలెట్ టెంట్‌కి వేరే డబ్బు తీసుకున్నారు. ఆడవాళ్లు మాత్రం ఆలోచించకుండా కట్టేయండి. క్యాంపుల్లో ఉండే మామూలు మరుగుదొడ్లలోకి రాత్రిపూట హెడ్‌ల్యాంప్‌తో వెళ్లడం పెద్ద శిక్ష.

శిఖరం రాత్రి గురించి ఎవరెంత చెప్పినా తక్కువే. అర్ధరాత్రి బయలుదేరితే తెల్లవారేసరికి కొండ పైనున్న అగ్నిపర్వత బిలం అంచు, అంటే స్టెల్లా పాయింట్. అడుగుకి ఒక ఊపిరి చొప్పున నడక. ముందున్నవాళ్ల బూట్ల మడమలు తప్ప ఇంకేం కనబడదు. చలి సున్నాకి చాలా కిందికి పోతుంది. నీళ్ల సంచికుండే గొట్టం గంటలోపే గడ్డకట్టింది. అందుకని సీసాలో వేడినీళ్లు పోసి, మేజోడు తొడిగి, తలకిందులుగా పెట్టుకోండి. గడ్డకట్టినా పైకి తిరిగి ఉన్న సీసా అడుగు వైపే కడుతుంది, మూత తెరుచుకుంటుంది. స్టెల్లా పాయింట్ దగ్గర చాలామంది ఇక చాలనుకుంటారు. అక్కడి నుంచి అన్నిటికన్నా ఎత్తైన చోటు, ఉహురు శిఖరం, ఇంకో ముప్పావు గంటే, ఎక్కుడు కూడా తక్కువ. ఒంట్లో బాగుంటే ఆగకండి. ఆ దారి పక్కన హిమానీనదాలు నీలంగా మెరుస్తుంటాయి. 1912లో ఈ కొండ మీదున్న మంచులో 85 శాతం 2007 నాటికే పోయిందని శాస్త్రవేత్తలు కొలిచారు. మిగిలినదాని పక్కన నడుస్తున్నామని తెలిసి చూడటం వేరు. నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను, గైడ్ వచ్చి భుజం తట్టి కదిలించాడు.

ఎవరూ చెప్పని సంగతి దిగుడు. శిఖరం చూసిన రోజే 3,100 మీటర్ల దగ్గరున్న మ్వేకా క్యాంపు దాకా దించుతారు, అంటే ఒక్క పూటలో 2,700 మీటర్ల పైచిలుకు. మొదట ఇసుకలాంటి రాతిపొడిలో జారుతూ, తర్వాత మెట్లలాంటి రాళ్ల మీద. ఎక్కడానికి నెలల తరబడి మెట్లెక్కి తయారవుతారు కదా, దిగడం కూడా అంతే సాధన చేయండి. ట్రెక్కింగ్ కర్రలు రెండూ తీసుకెళ్లండి, ఒకటి చాలదు. బూట్లలో బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉండాలి, బయలుదేరే ముందు గోళ్లు బాగా కత్తిరించుకోవాలి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబర్‌లో చిన్న వానలు. జనవరి, ఫిబ్రవరి కానీ, జూన్ నుంచి అక్టోబర్ లోపు కానీ చూసుకుంటే ఆ చివరి అడవి దారిలో బురదలో జారే బాధ చాలావరకు తప్పుతుంది.