ఉద్దానం తోటలో పెట్రోల్ వుడ్ చిప్పర్: ఇంజిన్ కంటే బ్లేడ్లకే ఎక్కువ సేవ

శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా కొబ్బరి, జీడి తోటలో 7 హార్స్‌పవర్ ఇంజిన్ గల పెట్రోల్ వుడ్ చిప్పర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పోయిన చెట్ల స్థానంలో నాటిన మొక్కల పాదుల్లో పరవడానికి, రాలిన మట్టలను, కత్తిరించిన జీడి కొమ్మలను ముక్కలు చేసుకుందామని కొన్న యంత్రమిది. ఇంజిన్ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. శ్రద్ధంతా బ్లేడ్లకే పెట్టవలసి వస్తోంది.

మాది ఇసుక నేల. ఈడ్చుకొచ్చిన మట్టకు అంటిన ఇసుకే బ్లేడు పదునును తినేస్తుంది కనుక, దులిపి వేయడం ఏ సర్వీసింగుకూ తీసిపోదు. పదును తగ్గిన సంగతి ముక్కలే చెబుతాయి: తెగిన అంచు నున్నగా ఉండక పీచు వేలాడుతుంది, కొమ్మ లోపలికి పోకుండా ఎగిరెగిరి పడుతుంది. బ్లేడ్లకు రెండు వైపులా అంచు ఉంది కాబట్టి ముందు తిప్పి బిగిస్తాను, ఆ తరువాతే సానకు ఇస్తాను. రెండు బ్లేడ్లనూ సమానంగా సానపట్టకపోతే బరువులో తేడా వచ్చి యంత్రమంతా అదురుతుంది. సానరాయి మీద పెట్టినంతసేపూ మధ్యమధ్య నీళ్లలో ముంచకపోతే అంచు నీలిరంగుకు తిరుగుతుంది, అలా తిరిగిన ఉక్కుకు గట్టిదనం ఉండదు. బిగించాక, కదలని ఎదురు బ్లేడుతో సందును యంత్రం మాన్యువల్ పుస్తకంలోని కొలతకు సరిచేయాలి, ఎందుకంటే సందు పెరిగితే కొత్త బ్లేడు సైతం కొబ్బరి పీచును కోయక మడిచి లోపలికి లాగుతుంది. ఆ పీచు షాఫ్టుకు చుట్టుకొని బేరింగును వేడెక్కిస్తుంది. జీడి జిగురును పని కాగానే డీజిల్ గుడ్డతో తుడవాలి, ఎండితే గీకక తప్పదు. ఇవన్నీ ఇంజిన్ ఆపి, బ్లేడ్లు తిరిగే రోటరు పూర్తిగా నిలిచి, స్పార్క్ ప్లగ్ క్యాపు ఊడదీశాకే.

ఇంజిన్ ఆయిలును మొదటిసారి 20 గంటలకు, తరువాత 50 గంటలకోసారి, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా మార్చుతాను. 10డబ్ల్యూ-30 రకం అర లీటరుకు కాస్త పైన పడుతుంది. స్పార్క్ ప్లగ్ కొనల మధ్య సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. స్పాంజి ఎయిర్ ఫిల్టరును సబ్బు నీటిలో కడిగి ఆరబెట్టాలి. ఆ ఫిల్టరు పెట్టెను పొట్టు చిమ్మే గొట్టం పక్కనే ఎందుకు అమర్చారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంజిన్ విషయంలో జాగ్రత్త ఎక్కువ కావలసింది పెట్రోలుతోనే. ఇథనాల్ కలిసిన పెట్రోలు సముద్రపు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, జీడి కొమ్మల కత్తిరింపు అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి కార్బురేటరును ఎండగట్టాలి. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయి; గ్రీజు పూసి ఉంచితే మరుసటి సీజనుకు రెంచీకి లొంగుతాయి.

విడి బ్లేడ్లు చుట్టుపక్కల దొరకవు, తెప్పించుకోవాలి; కాబట్టి యంత్రంతోపాటే ఒక జత అదనంగా కొనండి. మణికట్టు లావు కొమ్మల వరకు దీన్ని నమ్మవచ్చు. కొబ్బరి మట్ట మొదలును మాత్రం కత్తితో నరికి పొయ్యికి వాడుకుని, మిగతాదే యంత్రానికి అందించాలి.